‘లేదు’ అని రాసిన గడులు

గుడివాడలో జీవిత బీమా ఏజెంటుగా ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఆ పనిలో నా చేతికి బాగా అలవాటైన మాట ఒకటుంది: లేదు. పాలసీ దరఖాస్తులో ఒక పేజీ నిండా ఆరోగ్యం గురించిన ప్రశ్నలుంటాయి. మీకు ఫలానా జబ్బు ఉందా, మీ తల్లిదండ్రులకు ఉందా, తోబుట్టువులకు ఉందా అని. ఎదురుగా చిన్న చిన్న గడులు. పాలసీ తీసుకునే ఆయన రైసుమిల్లు అరుగు మీద కూర్చునో, గేదెలకు కుడితి పెడుతూనో నాతో మాట్లాడేవాడు. ఆయన చేత సంతకాలు పెట్టించుకుని, ఇచ్చిన కాఫీ తాగి, ఇంటికొచ్చి ఆ పేజీ నేనే నింపేవాణ్ణి. లేదు, లేదు, లేదు, లేదు. ఎవర్నీ ఏమీ అడిగేవాణ్ణి కాదు. అడిగితే ఆలస్యం, పైగా మనిషి జంకుతాడు. నాకు తెలిసిన ఏజెంట్లలో చాలామంది అలాగే చేసేవాళ్ళు.

ఆ అలవాటు చేతి నుంచి నోటికి ఎప్పుడు పాకిందో నేను గమనించలేదు. గమనించేసరికి దాని ఖరీదు వేరేవాళ్ళు చెల్లించేశారు.

మాది బందరు. మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. దాన్ని మా సొంత మేనత్త కొడుక్కే ఇచ్చారు, దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెకు. అంటే అక్కకు అత్తగారూ, మాకు నాన్న చెల్లెలూ ఒక్కరే. మా అత్తయ్యకు కోడలంటే ప్రాణం. ‘కోడలు’ అనేది కాదు, ‘మా అన్నయ్య కూతురు’ అనేది.

తొంభై రెండో సంవత్సరం వేసవిలో అక్కకు మొదట కాళ్ళు తిమ్మిరెక్కాయి. నేను చూడబోతే, వాకిట్లో కూర్చుని పాదాలు నేలకేసి రుద్దుకుంటోంది.

“ఊక మీద నడుస్తున్నట్టుందిరా. చెప్పులేసుకున్నానో లేదో కూడా తెలియట్లేదు.”

రెండు నెలల్లో తగ్గిపోయింది. మరుసటేడు నడుముకు ఎవరో తాడు బిగించినట్టుందని మంచమెక్కింది. అదీ తగ్గింది. తల కిందికి వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు జిల్లుమంటుందనేది. వేణ్ణీళ్ళు పోసుకుంటే కాళ్ళు లేచేవి కావు, చన్నీళ్ళు పోస్తే కాసేపటికి లేచి నడిచేది. ఒక నెల కుడికన్ను మసకేసింది. వచ్చేది, పోయేది. వచ్చిన ప్రతిసారీ పోతూ పోతూ కొంచెం బలం పట్టుకుపోయేది. మధ్యలో బాగున్న నెలల్లో చూసినవాళ్ళు, పని ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన నరాల బలహీనత అని చెప్పి బలానికి ఇంజెక్షన్లు పొడిచాడు. అత్తయ్య మాత్రం ఏమీ అనకుండా రోజూ సాయంత్రం నువ్వులనూనె పట్టించి ఆ కాళ్ళు పిసికేది.

అక్కకు మాత్రం తన జబ్బు ఎందుకొచ్చిందో రూఢిగా తెలుసు. అది నాకొక్కడికే చెప్పింది.

పన్నెండేళ్ళప్పుడు నాగులచవితికి పుట్టలో పోయడానికి అమ్మ దానికి గ్లాసుతో పాలిచ్చి పంపింది. పుట్టలో పచ్చిపాలే పోయాలి. దారిలో అవి ఒలికిపోయాయి. అమ్మ తిడుతుందని భయపడి పక్కింట్లో అడిగితే, వాళ్ళు కాచిన పాలిచ్చారు. అవి ఇంకా వేడిగానే ఉన్నాయి. అక్క అవే పోసేసి వచ్చింది.

“పుట్టలో స్వామి ఒళ్ళు కాలింది, నా కాళ్ళు కాలుతున్నాయి. ఇంకేం కావాలిరా?” అంది.

అందుకే కాళ్ళు కొంచెం సాగినప్పుడల్లా మోపిదేవి వెళ్ళేది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి చుట్టూ బావ భుజం పట్టుకుని ప్రదక్షిణలు చేసేది. ఎండలో ఆ నాపరాళ్ళ మీద కాళ్ళు తడబడి పడిపోయినా లేచి లెక్క పూర్తిచేసేది. నేను వారించేవాణ్ణి కాదు. ‘పాలదేముందే అక్కా’ అనగలిగిన మనిషిని ప్రపంచంలో నేనొక్కణ్ణే. అనలేదు.

ఎందుకంటే నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు నా కుడికన్ను కూడా పోయింది.

అప్పటికి అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. ఒక పొద్దున్న లేచేసరికి కన్ను తిప్పితే లోపల నొప్పి. మూడు రోజుల్లో మధ్యలో పొగ కమ్మేసింది. ఎదుటి మనిషి చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. బందరులో కంటిడాక్టరు చూసి, కంటి వెనక నరం వాచిందన్నాడు, మాత్రలిచ్చాడు. అయిదారు వారాలకు చూపు తిరిగొచ్చింది. అమ్మ మోపిదేవి వెళ్ళి హుండీలో వెండి కళ్ళ జత వేసి, ఇంటికొచ్చి తలుపు దగ్గరేసి నాతో ఒకటే మాటంది. “పెళ్ళి కావలసినవాడివి. ఈ సంగతి ఇక్కడితో సరి. మీ అక్కక్కూడా చెప్పొద్దు. అది అమాయకురాలు, ఎక్కడో అనేస్తుంది.”

చూపొచ్చింది గానీ రంగులు పూర్తిగా రాలేదు. ఎడమకన్నుతో చూస్తే ఎర్రగా ఉన్న కుంకుమ, కుడికన్నుతో చూస్తే ఇటుకపొడిలా ఉండేది. ఇప్పటికీ అంతే. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే గోడ మీది క్యాలెండరులో ఆదివారపు ఎర్ర అంకెను ఒక్కో కన్నుతో చూసుకోవడం నాకు అలవాటైంది. ఇంకా మాసిందా, అలాగే ఉందా అని. అది ఎవరూ గమనించలేదనుకునేవాణ్ణి.

తొంభై ఎనిమిదిలో అక్కను విజయవాడలో నరాల డాక్టరుకు చూపించాం. నేనూ, బావా వెళ్ళాం. స్కానింగు తీయించి, ఆ ఫిల్మును వెలుగుపెట్టెకు తగిలించి, మెదడులో తెల్లగా చుక్కలున్న చోట్లు చూపించాడాయన. ఒంటికి కాపలా కాసే రక్షణశక్తే పొరపాటున సొంత నరాల మీది పొరను కొరికేస్తోందనీ, కరెంటు వైరు మీది తొడుగు ఊడినట్టు అవుతుందనీ, దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారనీ చెప్పాడు. నెమ్మదైన మనిషి. కాగితం ముందుకు లాక్కుని అడిగాడు.

“మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా కాళ్ళు తిమ్మిర్లెక్కడం, కొన్నాళ్ళు చూపు పోయి మళ్ళీ రావడం, అలాంటిదేమైనా?”

“లేదండీ” అన్నాను.

ఆలోచించి అనలేదు. దరఖాస్తు నింపేటప్పుడు ఎంత వేగంగా రాస్తానో అంత వేగంగా వచ్చింది. కానీ ఆయన ఆ మాట కాగితం మీద రాసుకుంటుండగా నాకు తెలిసింది, అబద్ధమాడానని. కలం ఆగేలోపు దిద్దుకోవచ్చు. పక్కనే బావ ఉన్నాడు. ఇంట్లో నా భార్యకు తెలియదు, కొడుకు స్కూల్లో ఉన్నాడు. దిద్దుకోలేదు.

మందులు మొదలుపెట్టారు. వచ్చినప్పుడల్లా మూడు నాలుగు రోజులు సెలైన్లో మందెక్కిస్తే అక్క తేరుకునేది. అబద్ధం వల్ల ఆమె వైద్యానికేమీ లోటు జరగలేదని ఆ డాక్టరే తర్వాత నాతో అన్నాడు. లోటు వేరేచోట జరిగింది.

పేరున్న జబ్బని తెలిశాక, అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న ఊళ్ళో పుట్టింది. ఆ ఏడు అక్కవాళ్ళ ఇంట్లో వ్రతానికి చుట్టాలందరం చేరాం. భోజనాలయ్యాక వసారాలో తాంబూలాలు వేసుకుంటూ ఒకాయన అననే అన్నాడు, “ఇలాంటివి వంశంలో ఉంటేనే వస్తాయంట కదా?” అని. అత్తయ్య వక్కలు కత్తిరిస్తూ నావైపు తిరిగి, మామూలుగానే అడిగింది.

“మా పుట్టింటివైపు ఎవరికీ లేదు కదరా? నీకేమైనా గుర్తుందా?”

అందరూ నావైపు చూశారు. ఏదో ఒకటి చెప్పి ఆ చూపులు మళ్ళించాలనిపించింది.

“నీ కాలుంది కదా అత్తయ్యా” అన్నాను.

అత్తయ్య ఎడమకాలు ఈడుస్తూ నడిచేది. అది డెబ్భై ఏడు ఉప్పెనలో విరిగిన కాలు. ఆ సంగతి మా నాన్న నోట ఎన్నోసార్లు విన్నాను.

అత్తయ్య చేతిలో అడకత్తెర ఆగిపోయింది. “ఇది ఉప్పెనలో విరిగిందిరా. నన్ను భుజాన వేసుకుని అవనిగడ్డ దాకా మోసింది మీ నాన్నే” అంది.

“అదే అంటున్నా. దెబ్బ మానినా కాలెందుకు రాలేదో ఎవరు చూశారు?” అన్నాను. దరఖాస్తులో ఏ గడిలో ఏం రాస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారో తెలిసిన తెలివి నాది. ఆ మాట అతికినట్టు సరిపోయింది. ఆ సాయంత్రానికే ఊళ్ళో అది నిజమైపోయింది.

ఆ తర్వాత అత్తయ్య పేరంటాలకు వెళ్ళడం మానేసింది. వాకిట్లో ఎవరైనా ఉంటే లేచి నడిచేది కాదు, వాళ్ళు వెళ్ళేదాకా కూర్చునే ఉండేది. మా బావ నాతో అవసరమైన మాటలే మాట్లాడేవాడు. రెండువేల ఒకటిలో అత్తయ్య పోయింది. అక్క కాళ్ళకు నూనె రాసే పని బావ తీసుకున్నాడు.

అక్కకు ఒక్కతే కూతురు. గుడ్లవల్లేరు ఇంజినీరింగు కాలేజీలో సీటొస్తే మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. పొద్దున్నే గుడివాడ బస్టాండులో బస్సెక్కి వెళ్ళేది, సాయంత్రం వచ్చి మా వంటింట్లో గట్టెక్కి కూర్చుని మా ఆవిడకు కాలేజీ కబుర్లన్నీ చెప్పేది. దాని నవ్వు వీధి చివరికి వినిపించేది. చివరి సంవత్సరంలో ఆ నవ్వు తగ్గింది. ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని వాళ్ళమ్మ జబ్బు గురించి చదివేదట. ప్రింటు తీసుకొచ్చిన కాగితాలు పుస్తకాల కింద దాచేది. జన్యువులనీ, వంశమనీ, తల్లికుంటే పిల్లలకనీ గీతలు కొట్టి ఉండేవి.

చదువు పూర్తయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కొత్తలోనే దాని క్లాసులో చదివిన కుర్రాడు పెళ్ళి మాటెత్తాడు. వాళ్ళది కృత్తివెన్ను. తండ్రికి రొయ్యల చెరువులు. మావాళ్ళే, కాదనడానికేమీ లేదు. ఇద్దరికీ ఇష్టమే. అయినా మేనకోడలే వద్దంది. ఆ అబ్బాయితో మాట్లాడటమే మానేసింది.

అక్క నాకు కబురు పెట్టింది. అప్పటికి చక్రాల కుర్చీ లేకుండా ఇల్లు దాటలేదు. “అది నా మాట వినట్లేదురా. ‘ఇవాళ బాగున్నాను, రేపు నీలా అయితే అతని బతుకేం కావాలి, పిల్లలు పుడితే వాళ్ళ బతుకేం కావాలి’ అంటోంది. నేను పోసిన పాలు దాని కాళ్ళ దాకా వచ్చాయి. నువ్వు చెప్తే వింటుంది. చెప్పరా.”

చెప్పాను. నీకేం కాదే, ధైర్యంగా ఉండు అన్నాను. అది నన్ను జాలిగా చూసింది. “నీకేం తెలుసు మావయ్యా? నీకేమైనా వచ్చిందా చచ్చిందా?” అంది.

నిజం చెప్పొచ్చు. కానీ చెబితే ఏమవుతుంది? వాళ్ళమ్మ ఒక్కదానికే అనుకుంటేనే ఇంత బెదిరింది, మావయ్యకు కూడా అంటే ఇక వంశమంతా ఇంతేననుకుని పూర్తిగా తలుపు మూసేసుకోదా? దాని మంచి కోసమే దాస్తున్నానని వారం రోజులు నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఎనిమిదో రోజున ఆ నచ్చచెప్పడం కూడా బీమా ఏజెంటు మాటల్లా వినిపించింది. “పోనీ డాక్టరుగారినే అడుగుదాం పదండి” అన్నాను. నేను చెప్పలేనిది ఆయన చెబుతాడని నా ఆశ.

రెండువేల నాలుగు. అదే గది, అదే డాక్టరు, జుట్టు నెరిసింది. అక్కా, మేనకోడలూ, నేనూ. మేనకోడలు దాచిన కాగితాలన్నీ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన పాత ఫైలు తెరిచాడు. కొత్త కాగితం మీద గుండ్రాలు, చతురస్రాలు గీయడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళకు గుండ్రం, మగవాళ్ళకు చతురస్రం. అక్క గుండ్రాన్ని నల్లగా నింపాడు.

“ఇందులో కుటుంబంలో ఇంకెవరికీ లేదని రాసుంది. మళ్ళీ ఒకసారి అడుగుతున్నా. అటూ ఇటూ ఎవరైనా?”

“మా నానమ్మకు కాలు...” అని మేనకోడలు మొదలుపెట్టింది.

“కాదండీ. అది ఉప్పెనలో విరిగింది” అన్నాను.

అక్క తలతిప్పి చూసింది. ఆరేళ్ళుగా నేనలా అనగా అది వినలేదు. ఆ చూపు చూశాక ఇక ఆగడం కష్టమైంది.

“ఉన్నారండీ ఇంకొకరు. నేనే. ఇరవై నాలుగేళ్ళప్పుడు కుడికన్ను పోయి మళ్ళీ వచ్చింది. పోయినసారి మీరడిగితే లేదన్నాను.”

డాక్టరు లేచి వచ్చి నా రెండు కళ్ళలో మార్చి మార్చి టార్చి వేశాడు. ఒక పరికరంతో కంటి లోపల చూశాడు. “నిజమే. నరం ఇంకా కొంచెం పాలిపోయే ఉంది. ఆ తర్వాత ఏమైనా వచ్చిందా? కాళ్ళు, చేతులు?”

“లేదండీ. ఈసారి నిజంగానే లేదు.”

ఆయన నవ్వి నా చతురస్రంలో సగం నింపాడు. తర్వాత కుర్చీ మేనకోడలి వైపు తిప్పుకున్నాడు.

“చూడమ్మా. ఇది తల్లి నుంచి కూతురికి అలాగే దిగే జబ్బు కాదు. ఒక్క జన్యువు వల్ల వచ్చేదీ కాదు. చాలా జన్యువులు తలా ఒక పిసరు తోడై, వచ్చే అవకాశాన్ని కొంచెం పెంచుతాయి. తనదేదో పరాయిదేదో ఒంటికి గుర్తుపట్టడం నేర్పే జన్యువులు కొన్నున్నాయి, వాటి పాత్ర కాస్త ఎక్కువ. అవున్నవాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏమీ రాదు. బయట నుంచి కూడా ఏవో కలవాలి. వైరస్‌లంటున్నారు, పొగ తాగడమంటున్నారు, ఎండ చాలకపోవడమంటున్నారు.”

“ఎండ చాలకపోవడమా? మా దివిసీమలోనా?” అంది అక్క.

డాక్టరు గట్టిగా నవ్వాడు. “అందుకే పూర్తిగా ఎవరికీ తెలియదంటున్నానమ్మా. అచ్చం ఒకే జన్యువులతో పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వస్తే, రెండోవారికి రానివాళ్ళే ఎక్కువ.”

“మా అమ్మానాన్నలది మేనరికమండీ” అంది మేనకోడలు.

“మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. ఇది ఆ రకం కాదు. నీకు అబద్ధం చెప్పను. మీ అమ్మకు వచ్చింది, మీ మావయ్యకు ఓసారి తొంగిచూసి వెళ్ళింది. అందరికంటే నీకు అవకాశం కొంచెం ఎక్కువే. కానీ నీలాంటి పిల్లల్లో రానివాళ్ళే చాలా చాలా ఎక్కువ. వచ్చినా మీ అమ్మకొచ్చినట్టే రావాలనీ లేదు. ఇదుగో, ఇద్దరూ నీ ఎదురుగానే ఉన్నారు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇంటి తిండి. ఈయన ఇరవై ఏళ్ళుగా సైకిల్ తొక్కుతున్నాడు.”

“స్కూటరండీ” అన్నాను.

మేనకోడలు నవ్వలేదు. కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంది.

తిరుగు ప్రయాణంలో అక్కను బస్సులో మొదటి సీటులో కూర్చోబెట్టి మేమిద్దరం వెనక కూర్చున్నాం. పామర్రులో బస్సాగినప్పుడు మేనకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

“క్యాలెండరును ఒంటికన్నుతో చూసేది అందుకేనా?”

“నువ్వు చూశావా?”

“నాలుగేళ్ళు చూశాను. పంచాంగం చదువుతున్నావనుకున్నాను.” ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నానమ్మ ఎవరైనా ఉంటే లేచేది కాదు, తెలుసా? నీళ్ళు కావాలన్నా నన్ను పిలిచేది. అప్పుడు నాకేం తెలుసు, పెద్దావిడకు బద్ధకమని నవ్వేదాన్ని. నువ్వు మాత్రం ఇన్నేళ్ళు పండక్కొచ్చి బూరెలు తిని వెళ్ళావు.”

“అవును” అన్నాను.

మోపిదేవి దగ్గర గుడి గోపురం కనబడగానే అక్క ముందు సీట్లోంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంది. తర్వాత నన్ను రమ్మని సైగ చేసింది. వెళ్ళి ఇంజను పక్కన పెట్టె మీద కూర్చున్నాను.

“ఏ కన్నురా?”

“కుడిది.”

“నాదీ కుడిదే కదరా.” వేళ్ళు సరిగ్గా సాగని చేత్తో నా కుడి కనురెప్పను తాకింది. కాసేపు ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది. “నువ్వు ఆ రోజు పుట్ట దగ్గరికి రాలేదు కదూ? జ్వరంతో పడుకున్నావు.”

“రాలేదు.”

“నువ్వు పాలు పోయనేలేదు.”

“లేదక్కా.”

“మరి నీకెందుకొచ్చింది?” నా ముఖంలోకి చూసింది. ఆ ముఖం నెమ్మదిగా విప్పారడం నేను చూశాను. “అయితే పాల వల్ల కాదన్నమాట” అంది. గోపురం దాటిపోయాక మళ్ళీ అంది, ఈసారి తనలో తను. “పాల వల్ల కాదు.”

మనిషి ఏడుస్తుందనుకున్నాను. కానీ నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. “దొంగవెధవా! ఎన్ని ప్రదక్షిణలు చేయించావురా నాచేత! మోకాళ్ళు చూడు.” డ్రైవరు అద్దంలో చూసి, “గట్టిగా వేయండమ్మా” అన్నాడు. వెనక సీటు నుంచి, చాలా నెలల తర్వాత, వీధి చివరికి వినిపించే ఆ నవ్వు వినిపించింది. అది నన్ను క్షమించిన నవ్వు కాదు. వాళ్ళమ్మ తేలికపడినందుకు వచ్చిన నవ్వు. నాకది చాలు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ వింటూ వింటూ బియ్యంలో రాళ్ళేరడం ఆపింది. “అందుకా పెళ్ళిచూపుల్లో తల ఒక పక్కకు వాల్చి చూశారు? సిగ్గనుకున్నాను. ఆ సిగ్గు చూసే కదండీ మా నాన్నతో సరేనన్నది!” రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున మా అబ్బాయిని పిలిచి, ‘ఎప్పుడైనా కన్ను నొప్పిపెట్టినా, కాళ్ళు తిమ్మిరెక్కినా దాచకుండా చెప్పు, మీ నాన్నలా ఉండకు’ అంది. ఆ మాటే నాకు శిక్ష అనుకున్నాను, మందు కూడా అదే అయింది.

అత్తయ్య విషయం అంత తేలిగ్గా కాలేదు. ఆ ఏడు ఆమె ఆబ్దికానికి వెళ్ళాను. భోజనాలకు చుట్టాలందరూ కూర్చున్నప్పుడు లేచి నిలబడి, ఆమె కాలు ఉప్పెనలోనే విరిగిందనీ, నా జబ్బు దాచుకోవడానికి ఆమె మీద నింద వేశాననీ చెప్పాను. ఆనాడు వంశం మాటెత్తిన పెద్దమనిషి, “ఇప్పుడెందుకయ్యా అవన్నీ, పప్పు చల్లారిపోతోంది” అన్నాడు. మా బావ వడ్డిస్తున్న గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అమ్మ ఉన్నప్పుడు అని ఉంటే బాగుండేది బావా” అన్నాడు. గరిటె గిన్నెలో పెట్టి, “సరే, కూర్చో. నెయ్యి వేస్తాను” అన్నాడు. అంతకంటే ఎక్కువ నేను ఆశించకూడదు. ఎవరి ముందు చెప్పాలో ఆవిడ ముందు చెప్పలేదు. అది ఇక ఎప్పటికీ అలాగే ఉంటుంది.

కృత్తివెన్ను ఆయన ఒక ఆదివారం అక్కవాళ్ళింటికి వచ్చాడు. కొడుకు పంపితే వచ్చాడు. మేనకోడలు అప్పటికే ఆ అబ్బాయికి ఫోను చేసి డాక్టరు చెప్పిందంతా చెప్పింది, ‘మీ నాన్నగారికి కూడా తెలిశాకే మాట’ అందట. మా వైపు సంబంధాల్లో జబ్బు సంగతి ఆడపిల్లవాళ్ళు ముందే చెప్పడం నేనెన్నడూ చూడలేదు. చెప్పే పని నేనే తీసుకున్నాను. గుండ్రాలూ చతురస్రాలూ గీసిన ఆ కాగితం ఆయన ముందు పరిచి, నా సగం చతురస్రం చూపించి, కొంచెం ఎక్కువే అన్న మాట కూడా దాచకుండా చెప్పాను.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ విన్నాడు.

“తెల్లమచ్చ తెలుసా అండీ మీకు, రొయ్యలకొచ్చేది?”

“విన్నానండీ.”

“ఒకే హేచరీలో, ఒకే పూట తెచ్చిన రొయ్యపిల్లలు, సీడంటాం మేము. సగం ఈ చెరువులో వేశా, సగం గట్టుకవతల చెరువులో వేశా. ఇదంతా చచ్చి తేలిపోయింది. అది నిక్షేపంగా నిలబడి పంటకొచ్చింది. అందరూ సీడు మంచిది కాదన్నారు. సీడుదే తప్పయితే ఆ రెండో చెరువు సంగతేంటండీ? ఎవరూ చెప్పలేకపోయారు. అప్పట్నుంచీ నేను చేసేదొకటే. సీడు ఎక్కడిదో రాసిపెట్టుకుంటా, రోజూ చెరువు చూసుకుంటా. అంతేగానీ, భయపడి చెరువు ఎండబెట్టుకుంటే ఎట్టా?”

మా మేనకోడలు గుమ్మంలోంచి, “అంటే నేను రొయ్యనా మావయ్యగారూ?” అంది.

“టైగరు రొయ్యవమ్మా” అన్నాడాయన. అక్క నవ్వీ నవ్వీ పక్కకు ఒరిగిపోతే బావ పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఒకటే మారింది. ఆ పేజీ ఇంటికి తెచ్చుకోవడం మానేశాను. రైసుమిల్లు అరుగు మీదే కూర్చుని ఒక్కో ప్రశ్న చదివి వినిపించి, చెప్పింది రాసేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు, కొందరు వేరే ఏజెంటును చూసుకున్నారు. కొందరు మాత్రం కలం కదలకుండా ఉన్న ఆ కాస్త వ్యవధిలో, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఏదో చెప్పేవాళ్ళు.

రెండువేల ఎనిమిదిలో, ఆ అబ్బాయితో పెళ్ళయి హైదరాబాదులో ఉంటున్న మేనకోడలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బందరులో ఆసుపత్రికి మొదటిసారి చూపించడానికి నేనే తీసుకెళ్ళాను. అక్క కూడా కుర్చీలో వచ్చింది. నర్సమ్మ అట్ట మీద కాగితం పెట్టుకుని గబగబా అడుగుతోంది. వయసు, రక్తం గ్రూపు, షుగరుందా, బీపీ ఉందా.

“ఇంట్లో వాళ్ళకెవరికైనా ఏమైనా పెద్ద జబ్బులున్నాయా?” అంటూ జవాబు వినకుండానే కలం గడి మీదికి పోనిచ్చింది. ఆ చెయ్యి ఏం రాయబోతోందో నాకు బాగా తెలుసు.

“ఉన్నాయండీ, రాసుకోండి” అంది మేనకోడలు. “మా అమ్మకు మల్టిపుల్ స్క్లెరోసిస్. మా మావయ్యకు ఒకసారి కుడికన్ను. మా నానమ్మకు ఏమీ లేదు, కాలు ఉప్పెనలో విరిగింది, అదీ రాయండి.”

నర్సమ్మ తలెత్తి చూసింది. “విరిగిన కాళ్ళు కూడా రాయాలామ్మా? ఇంత చెప్పేవాళ్ళను నేను చూళ్ళేదు. అందరూ లేదండీ లేదండీ అంటారు.”

“మా మావయ్య కూడా అనేవాడండీ. ఇప్పుడు మానేశాడు” అంది మేనకోడలు, నావైపు చూడకుండా.

“గడి చాలట్లేదమ్మా” అంది నర్సమ్మ.

“పక్కన రాయండి, బోలెడు చోటుంది” అని అక్క కుర్చీలోంచి ముందుకు వంగి, ఆ కాగితం అంచున ఖాళీగా ఉన్న చోటు వేలితో చూపించింది.